రమ్మీలో మొత్తం మీద పోగొట్టుకున్నా పన్ను కట్టాలా? ఐటీఆర్ గడువు 15, సలహా కావాలి

శ్రీను_నంద్యాల · 6 సెప్టెంబర్ 2025, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మా తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. 2024-25లో రెండు రమ్మీ యాప్‌లలో ఆడాడు. గత నెల కొత్త చట్టం వచ్చాక ఆ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. పాత లెక్క మాత్రం మెడకు చుట్టుకుంది.

రిటర్ను వేద్దామని ఏఐఎస్ (పన్ను శాఖ దగ్గర మన ఆదాయం వివరాలు చూపే స్టేట్‌మెంట్) తెరిస్తే, సెక్షన్ 194బీఏ కింద 1,20,000 గెలిచినట్టు, 36,000 టీడీఎస్ (ఇచ్చేవాళ్ళే ముందుగా పట్టుకునే పన్ను) కట్ అయినట్టు ఉంది. వాడేమో "అన్నా, నేను గెలిచిందెక్కడ? పోయిందే ఎక్కువ" అంటున్నాడు. నేనే కూర్చుని రెండు యాప్‌ల స్టేట్‌మెంట్లు లైను లైను కూడి చూశాను. మొదటి యాప్‌లో 80,000 వేశాడు, టీడీఎస్‌తో కలిపి 2,00,000 తీశాడు. చేతికొచ్చింది 1,64,000. రెండో దాంట్లో 1,50,000 వేశాడు, వెనక్కి వచ్చింది 10,000. అంటే వేసింది 2,30,000, తీసింది 2,10,000. పన్ను సంగతి పక్కన పెట్టినా 20 వేలు పోయాయి.

జీతం ఏడాదికి 7,60,000, కొత్త పన్ను విధానం. కంపెనీ వాళ్ళు జీతంలో టీడీఎస్ ఏమీ పట్టుకోలేదు. ఇప్పుడు మా ఆశ ఏమిటంటే, మొత్తం మీద నష్టమే కాబట్టి ఆ 36,000 రీఫండ్ వస్తుందా? వాడి రూమ్మేట్ ఇంకోటి చెప్పాడట: 30 శాతం ఎలాగూ కట్ అయింది కదా, రిటర్నులో చూపించకుండా వదిలేయమని. ఏది నిజం?

---

నిజామాబాద్_నరేష్ · 6 సెప్టెంబర్, ఉదయం 10:40

అన్నా, చూపించకుండా వదిలేయడం మాత్రం వద్దు. ఏఐఎస్‌లో పడిందంటే వాళ్ళ దగ్గర ఉన్నట్టే. రీఫండ్ సంగతి పద్మజ మేడం చెప్పాలి.

---

పద్మజ_ఆడిట్ · 6 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:25

శ్రీను గారూ, రీఫండ్ రాదు. ఇంకా కట్టాల్సి వస్తుంది. ఎందుకో వివరంగా చెబుతాను, ఇదే ప్రశ్న ఈ నెలలో చాలామంది అడుగుతున్నారు.

2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటలకు విడిగా సెక్షన్ 115బీబీజే పెట్టారు. పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. దేని మీద అంటే "నికర గెలుపు" మీద. దాన్ని ఎలా లెక్కకట్టాలో రూల్ 133 చెబుతుంది. ఆ సంవత్సరంలో తీసిన డబ్బుకు మార్చి 31న వాలెట్‌లో మిగిలింది కలపాలి. అందులోంచి సొంతంగా వేసిన డబ్బు, ఏప్రిల్ 1న వాలెట్‌లో ఉన్న పాత నిల్వ తీసేయాలి. మిగిలిందే నికర గెలుపు. కాబట్టి ఒకే యాప్‌లో ఒక ఆట గెలిచి ఇంకో ఆట ఓడితే ఆ ఓటమి లెక్కలోకి వస్తుంది. ఒకే కంపెనీలో రెండు ఖాతాలున్నా కలిపే చూస్తారు.

చిక్కల్లా ఎక్కడంటే, ఈ లెక్క ఏ యాప్‌కు ఆ యాప్, ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం. మొదటి యాప్‌లో మీ తమ్ముడి నికర గెలుపు 2,00,000 లోంచి 80,000 పోను 1,20,000. రెండో యాప్‌లో పోయిన 1,40,000 ఎవరికీ పట్టదు. దాన్ని ఈ గెలుపులోంచి తీసేయడానికి లేదు, జీతంలోంచి తీసేయడానికి లేదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్ళడానికీ లేదు.

ఇక అసలు దెబ్బ రిబేటు (పన్ను మాఫీ) దగ్గర ఉంది. 2024-25కి కొత్త విధానంలో మొత్తం ఆదాయం 7 లక్షలు దాటకపోతేనే సెక్షన్ 87ఏ రిబేటు. మీ తమ్ముడి జీతం 7,60,000 లోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 6,85,000. రమ్మీ ఆడకపోయి ఉంటే పన్ను సున్నా. కంపెనీ టీడీఎస్ పట్టకపోవడానికి కారణం అదే. ఇప్పుడు గెలుపు 1,20,000 కలిసేసరికి మొత్తం ఆదాయం 8,05,000 అయింది. రిబేటు పోయింది.

లెక్క చూడండి. జీతం మీద 3 లక్షలు దాటిన 3,85,000కి 5 శాతం, అంటే 19,250. గెలుపు మీద 36,000. రెండూ కలిపి 55,250. సెస్ 2,210. మొత్తం 57,460. యాప్ కట్ చేసిన 36,000 పోగా ఇంకా 21,460 కట్టాలి. ఈ బాకీ 10 వేలు దాటింది కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ కట్టనందుకు సెక్షన్ 234బీ, 234సీ వడ్డీ కూడా పడుతుంది. ఆలస్యమయ్యే కొద్దీ నెలకు 1 శాతం పెరుగుతుంది, కాబట్టి ఈ వారమే కట్టేయండి.

రూమ్మేట్ మాట అస్సలు వద్దు. ఏఐఎస్‌లో ఉన్న ఆదాయం రిటర్నులో లేకపోతే పట్టుకునేది మనిషి కాదు, సిస్టమే. ఆదాయం తక్కువ చూపితే ఎగ్గొట్టిన పన్నులో 50 శాతం పెనాల్టీ, కావాలని తప్పుగా చూపారని తేలితే 200 శాతం.

ఫారం విషయం: ఐటీఆర్-1 పనికిరాదు. ఐటీఆర్-2 వేయాలి.

---

శ్రీను_నంద్యాల · 6 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:05

మేడం, చదివి కాసేపు మాట రాలేదు. ఆటలో పోయింది 20,000, దాని మీద పన్ను 57,460. రెండూ కలిపితే 77 వేలు దాటింది. వాడికి ఫోన్ చేసి చెబితే నమ్మలేదు, మీ పోస్టు స్క్రీన్‌షాట్ పంపాను. గెలుపు మీద 30 శాతమే అనుకున్నాం, జీతం మీద కూడా పన్ను లేస్తుందని ఎవరూ చెప్పలేదు.

---

నిజామాబాద్_నరేష్ · 6 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:48

ఈ విషయం మీద నాకు చాలా కోపం ఉంది, అందుకే రాస్తున్నా. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ నిషేధించారు. ఆంధ్రలో 2020లో నిషేధించారు. అయినా మన పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగానికి పోయి అక్కడ ఆడారు. లొకేషన్ మార్చుకుని ఇక్కడి నుంచే ఆడినవాళ్ళూ ఉన్నారు. మా వీధిలో ఒకతను లోన్ యాప్‌ల నుంచి తీసుకుని మరీ ఆడాడు. ఆఖరికి ఇల్లు అమ్ముకున్నారు. పోగొట్టుకున్న ఇంటికి పన్ను నోటీసు కూడా వస్తే ఆ కుటుంబం ఏమైపోవాలి?

ఇన్నేళ్ళు 30 శాతం పన్ను తీసుకున్నారు, 2023 అక్టోబర్ నుంచి వేసే ప్రతి డిపాజిట్ మీద 28 శాతం జీఎస్టీ తీసుకున్నారు. ఇప్పుడు ఆట తప్పని చట్టం చేశారు. చట్టం చేయడం మంచిదే, నేను సమర్థిస్తా. కానీ ఓడిపోయినవాడి దగ్గర తీసుకున్న పన్ను మాటేంటి?

---

మలక్‌పేట_మామ · 6 సెప్టెంబర్, సాయంత్రం 6:30

నరేష్ బాబూ, నీ బాధ అర్థమైంది. ఈరోజు నిమజ్జనం, బయటకు కదిలే పని లేదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఆన్‌లైన్ వాళ్ళకు కనీసం ఒక యాప్‌లో నికరం లెక్కేశారు. మా గుర్రప్పందాల వాళ్ళకు అదీ లేదు. మలక్‌పేట రేస్‌కోర్సులో ఒక రోజు ఏడెనిమిది రేసులు ఉంటాయి. నాలుగో రేసులో 40,000 వచ్చిందనుకో, కౌంటర్‌లోనే 12,000 పట్టుకుని 28,000 చేతిలో పెడతారు. మిగతా రేసుల్లో అదే రోజు 50,000 పోయినా దాని ఊసు లేదు. ఆ సాయంత్రం గేటు దాటేటప్పుడు మనిషి జేబు ఖాళీ, కాగితం మీద మాత్రం 40,000 ఆదాయం. పేకాట క్లబ్బు, లాటరీ, క్యాసినో అన్నీ ఇదే దారి. సెక్షన్ 115బీబీ 1986 నుంచి ఉంది, ఖర్చు అనే మాటే ఒప్పుకోదు.

టీడీఎస్‌కు ఉన్న 10,000 పరిమితి గురించి కూడా చాలామందికి గందరగోళం ఉంది. 2023 నుంచి రెండేళ్ళు ఏడాది మొత్తం కలిపి 10,000 దాటితే కట్ చేయాలన్నారు. ఈ ఏప్రిల్ నుంచి మళ్ళీ ఒక్కో గెలుపు 10,000 దాటితేనే. కట్ కాలేదంటే పన్ను లేదని కాదు. 9,000 గెలిచినా రిటర్నులో చూపాల్సిందే.

ఇంకో మాట. మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని చెప్పింది. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ, 1967. తర్వాత 1996లో లక్ష్మణన్ కేసులో గుర్రప్పందాన్నీ అలాగే అంది. మరి నైపుణ్యమైతే అది మనిషి కష్టార్జితం కదా, జూదం రేటు ఎందుకు? దీని మీద నాకు ఇప్పటికీ సమాధానం దొరకలేదు.

---

పద్మజ_ఆడిట్ · 6 సెప్టెంబర్, రాత్రి 9:10

మామయ్య గారూ, ఆ తీర్పులు పోలీసు కేసు పెట్టొచ్చా లేదా అన్నదానికి. ఆదాయ పన్నుకు ఆ తేడా పనిచేయదు. చట్టంలో ఉన్న మాట "పేకాట, ఇంకా ఏ రకమైన ఆటైనా". 2001 ఫైనాన్స్ చట్టంలో దానికి వివరణ జోడించి టీవీ గేమ్ షోలను కూడా అందులోకి తెచ్చారు. జనరల్ నాలెడ్జ్‌తో సమాధానాలు చెప్పి క్విజ్ షోలో కోటి గెలిచినవాళ్ళకూ ఇదే రేటు. ఛానెల్ వాళ్ళు 30 లక్షలు పట్టుకుని 70 లక్షలు ఇస్తారు. అక్కడితో అయిపోయిందనుకుంటారు. 50 లక్షలు దాటిన ఆదాయానికి 10 శాతం సర్‌ఛార్జి, దాని మీద 4 శాతం సెస్ ఉంటాయి కాబట్టి వేరే ఆదాయం లేకపోయినా మొత్తం పన్ను 34,32,000. అంటే ఇంకో 4,32,000 చేతి నుంచి కట్టాలి. జీతం కూడా ఉండి మొత్తం ఆదాయం కోటి దాటితే సర్‌ఛార్జి 15 శాతం. చెక్కు రాగానే ఇల్లు కొనేసిన తర్వాత ఈ సంగతి తెలిస్తే చాలా కష్టం.

నైపుణ్యం ఉన్న ఆటగాడికీ లాటరీ టికెట్ కొన్నవాడికీ ఒకే రేటు న్యాయమా అంటే, నా ఉద్దేశంలో కాదు. కానీ నా అభిప్రాయంతో రిటర్ను వేయలేం కదా.

నరేష్ గారూ, జీఎస్టీ గురించి మొన్న 3వ తేదీ కౌన్సిల్ సమావేశంలో ఇంకో నిర్ణయం జరిగింది. బెట్టింగ్, క్యాసినో, గుర్రప్పందాలు, లాటరీ అన్నిటికీ ఈ నెల 22 నుంచి 28 బదులు 40 శాతం. అది వేరే పన్ను, దాన్ని ఆదాయ పన్నులో సర్దుకోవడానికి వీలుండదు.

---

స్వాతి_గుంటూరు · 7 సెప్టెంబర్, ఉదయం 8:20

ఇక్కడ అడగొచ్చో లేదో, జూదం కాదు. శ్రావణ మాసంలో అమ్మ చీరల షాపులో కొన్న బిల్లుకు కూపన్ ఇచ్చారు. డ్రాలో స్కూటీ వచ్చింది. షాపు వాళ్ళు ఫోన్ చేసి "95,000 విలువ, 30 శాతం అంటే 28,500 కడితే బండి ఇస్తాం, పాన్ కార్డు తీసుకురండి" అన్నారు. మా నాన్నేమో ఇది మోసం, లాటరీ వచ్చిందని ముందు డబ్బు కట్టమనేవాళ్ళంతా దొంగలే అంటున్నారు. అమ్మకు వేరే ఆదాయం ఏమీ లేదు. ఆవిడ ఆశపడింది పాపం, షాపుకు వెళ్ళి బండి రంగు కూడా చూసుకొచ్చింది.

---

పద్మజ_ఆడిట్ · 7 సెప్టెంబర్, ఉదయం 9:45

స్వాతీ, షాపు వాళ్ళు అడిగింది చట్టప్రకారమే. బహుమతి డబ్బు రూపంలో ఉంటే అందులోంచే పట్టుకుంటారు. వస్తువైతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి, పన్ను కట్టినట్టు చూసుకున్నాకే వస్తువు ఇవ్వాలని సెక్షన్ 194బీ చెబుతుంది. కొన్ని షాపులు ఆ పన్ను తామే భరిస్తాయి, ఒకసారి అడిగి చూడండి.

నాన్నగారి అనుమానం కూడా సరైనదే. అందుకని షాపుకు స్వయంగా వెళ్ళండి. డబ్బు ఎవరి ఫోన్‌పేకో కాకుండా షాపు ఖాతాకే పంపించి రసీదు తీసుకోండి. వాళ్ళ టాన్ నంబర్ (టీడీఎస్ పట్టేవాళ్ళకు ఉండే నంబరు) రాయించుకోండి. తర్వాత వాళ్ళు ఫారం 16ఏ (టీడీఎస్ సర్టిఫికెట్) ఇవ్వాలి, అమ్మ పాన్ మీద 26ఏఎస్ అనే పన్ను స్టేట్‌మెంట్‌లో ఆ 28,500 కనిపించాలి. కనిపిస్తే డబ్బు ప్రభుత్వానికి చేరినట్టు.

ఇప్పుడు అమ్మకు పనికొచ్చే మాట. ఆదాయం లేదు కాబట్టి పన్ను ఉండదని అనుకోవద్దు, లాటరీ గెలుపుకు 2.5 లక్షల మినహాయింపు వర్తించదు. కానీ పాత విధానంలో మొత్తం ఆదాయం 5 లక్షల లోపు ఉంటే 87ఏ రిబేటు 12,500 వరకు ఈ పన్ను మీద కూడా దొరుకుతుంది. 28,500 లోంచి 12,500 పోతే 16,000, సెస్‌తో 16,640. అంటే 11,860 రీఫండ్. ఇది 2025-26 ఆదాయం కాబట్టి వచ్చే ఏడాది గడువు లోపల ఐటీఆర్-2లో పాత విధానం ఎంచుకుని వేయాలి. కొత్త విధానంలో వేస్తే ఈ రిబేటు రాదు. ఈ ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో ప్రత్యేక రేటు ఆదాయానికి రిబేటు లేదని చట్టంలోనే రాసేశారు.

---

స్వాతి_గుంటూరు · 7 సెప్టెంబర్, ఉదయం 10:02

చాలా థాంక్స్ మేడం! నాన్నకు చదివి వినిపించాను. రేపు ముగ్గురం కలిసే వెళ్తాం.

---

మోడరేటర్ · 7 సెప్టెంబర్, ఉదయం 11:15

"రమ్మీ టీడీఎస్ మొత్తం రీఫండ్ ఇప్పిస్తాం, 20 శాతం కమీషన్" అని వచ్చిన రెండు పోస్టులు తొలగించాం. అలాంటి వాళ్ళకు పాన్ నంబరు, పోర్టల్ పాస్‌వర్డ్ ఇవ్వకండి. వాట్సాప్‌లో "25 లక్షల లాటరీ తగిలింది, ముందు ట్యాక్స్ కట్టండి" అని వచ్చే సందేశాలు పచ్చి మోసం. డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

---

గోదారి_గట్టు · 7 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:33

మా భీమవరం వైపు సంక్రాంతి మూడు రోజులు కోడిపందేల మీద చేతులు మారే డబ్బు మీకు తెలిసిందే. అదంతా నోట్ల కట్టలే. ఎవరూ టీడీఎస్ పట్టరు, పాన్ అడగరు. చట్టం ఒప్పుకోని పందెం కాబట్టి దాని మీద పన్ను కూడా ఉండదని మా వాళ్ళ నమ్మకం. అది ఎంతవరకు నిజం అండి? మా బావ ఒకే పందెంలో ఐదు లక్షలు కొట్టాడు, ఇప్పుడు బ్యాంకులో వేద్దామా అని ఆలోచిస్తున్నాడు.

---

పద్మజ_ఆడిట్ · 7 సెప్టెంబర్, సాయంత్రం 5:50

ఆ నమ్మకం నిజం కాదండి. ఆదాయ పన్ను చట్టం ఆదాయం వచ్చిందా అని చూస్తుంది, అది న్యాయమైన దారిలో వచ్చిందా అని చూడదు. కోడిపందెం జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం, ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారమూ నేరమే. అయినా గెలుపు మీద 30 శాతం పన్ను ఉంటుంది. పన్ను కట్టినంత మాత్రాన నేరం మాసిపోదు, నేరమైనంత మాత్రాన పన్ను పోదు.

మీ బావగారికి ఇంకా పెద్ద సమస్య ఉంది. ఒక వ్యక్తి దగ్గర ఒక రోజులో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని సెక్షన్ 269ఎస్‌టీ. తీసుకుంటే తీసుకున్నవాడికి అంత మొత్తమూ పెనాల్టీ. ఇక ఐదు లక్షలు బ్యాంకులో వేసి, ఎక్కడిదంటే ఆధారం చూపలేకపోతే అది లెక్క చెప్పలేని డబ్బు కింద సెక్షన్ 69ఏలోకి వెళ్తుంది. దాని మీద 60 శాతం పన్ను, 25 శాతం సర్‌ఛార్జి, సెస్, మొత్తం 78 శాతం. ఐదు లక్షల్లో 3,90,000 పోతుంది. చుట్టాల పేర్ల మీద కొంచెం కొంచెంగా వేయించే ఆలోచన ఉంటే అది మరీ ప్రమాదం, వాళ్ళందరినీ ఇరికించినట్టే. ఫోరంలో కాకుండా ఆయన్ను దగ్గరలోని ఆడిటర్ దగ్గరకు తీసుకెళ్ళండి, ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి.

---

డాలస్_వెంకట్ · 8 సెప్టెంబర్, ఉదయం 6:40

అమెరికా వైపు సంగతి కొంచెం చెబుతాను. డాలస్‌లో ఉండే మనవాళ్ళు వీకెండ్‌కి సరిహద్దు దాటి ఓక్లహోమాలో విన్‌స్టార్ క్యాసినోకి వెళ్తుంటారు. ఇక్కడ మీరు పన్ను దృష్టిలో రెసిడెంటా కాదా అన్నదాన్ని బట్టి లెక్క పూర్తిగా మారిపోతుంది.

హెచ్-1బీ మీద ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు గెలుపు మామూలు ఆదాయంలో కలుస్తుంది. ఓడిపోయింది గెలిచినంత వరకు తీసేసుకోవచ్చు, కానీ ఐటమైజ్ చేసినవాళ్ళకే (అంటే తగ్గింపులు విడివిడిగా చూపేవాళ్ళకే). స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటే ఆ అవకాశం లేదు. జులైలో వచ్చిన కొత్త చట్టంతో 2026 నుంచి నష్టంలో 90 శాతమే ఒప్పుకుంటారు. పది వేల డాలర్లు గెలిచి పది వేలూ పోగొట్టుకున్నవాడు కూడా వెయ్యి డాలర్ల మీద పన్ను కట్టాలి.

ఎఫ్-1 విద్యార్థులు, మనల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నలు నాన్ రెసిడెంట్లు. స్లాట్ మెషీన్‌లో 1,200 డాలర్లు, ఆపైన జాక్‌పాట్ తగిలితే మెషీన్ ఆగిపోతుంది, మనిషి వచ్చి కాగితాలు రాయించుకుని 30 శాతం పట్టుకుంటాడు. నష్టం తీసేసే వీలు వీళ్ళకు లేదు. బ్లాక్‌జాక్, రూలెట్, క్రాప్స్, బకరా గెలుపులకు మాత్రం నాన్ రెసిడెంట్లకు పన్ను లేదు.

పద్మజ గారూ, మా పేరెంట్స్ లాంటివాళ్ళు ఇక్కడ 30 శాతం కట్టాక ఇండియాలో మళ్ళీ చూపాలా?

---

పద్మజ_ఆడిట్ · 8 సెప్టెంబర్, ఉదయం 9:30

చూపాలి వెంకట్ గారూ. వాళ్ళు ఇండియాలో రెసిడెంట్లు కాబట్టి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. అక్కడ పట్టుకున్న 30 శాతానికి ఇక్కడ క్రెడిట్ ఇస్తారు, దానికి ఫారం 67 వేయాలి. ఇక్కడ సెస్‌తో 31.2 శాతం కాబట్టి చిన్న తేడా మాత్రమే కట్టాలి. బ్లాక్‌జాక్ గెలుపు అయితే అక్కడ పన్ను లేదు కాబట్టి ఇక్కడ మొత్తం కట్టాలి.

---

శబరి_యాత్ర · 8 సెప్టెంబర్, రాత్రి 8:15

శబరిమల వెళ్ళినప్పుడు మా బృందంలో అందరూ కేరళ లాటరీ టికెట్లు కొంటారు. మన దగ్గర లాటరీలు లేవు కదా, తగిలితే మనకు ఇస్తారా? పన్ను కేరళలోనా, ఇక్కడా?

---

మలక్‌పేట_మామ · 9 సెప్టెంబర్, ఉదయం 7:05

ఇస్తారు స్వామీ. కేరళలో దుకాణంలో కొన్న అసలు టికెట్ ఉండాలి, డ్రా జరిగిన 30 రోజుల్లోపు అప్పగించాలి. టికెట్ వెనక పేరు, చిరునామా రాసి సంతకం పెట్టి జాగ్రత్త చేసుకోండి. వాట్సాప్‌లో ఫొటో పంపి అమ్మేవాళ్ళను నమ్మొద్దు.

ఆదాయ పన్ను కేంద్రానిది, కాబట్టి రెండు చోట్ల ఉండదు. ఓణం బంపర్ మొదటి బహుమతి 25 కోట్లు, టికెట్ 500. అందులో 10 శాతం ఏజెంట్ కమీషన్ పోతే 22.5 కోట్లు. 30 శాతం టీడీఎస్ 6.75 కోట్లు పోతే 15.75 కోట్లు బ్యాంకులో పడుతుంది. కొత్త విధానంలో ఐదు కోట్లు దాటిన ఆదాయానికి సర్‌ఛార్జి 25 శాతం, దాని మీద సెస్. అంటే ఇంకో 2 కోట్ల 2.5 లక్షలు సొంతంగా కట్టాలి. పాత విధానంలో సర్‌ఛార్జి 37 శాతం, కాబట్టి అటు వెళ్ళకూడదు. చివరకు నికరంగా మిగిలేది 13.72 కోట్ల పైచిలుకు. చాలామంది 15.75 కోట్లు తమదే అనుకుని పంచిపెట్టేస్తారు.

---

శ్రీను_నంద్యాల · 9 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:50

మేడం, నిన్న రాత్రి తమ్ముడితో కూర్చుని (వీడియో కాల్‌లో) ఐటీఆర్-2 నింపాం. చలానా కూడా కట్టేశాడు. ఇంకో రెండు విషయాలు తేలాయి.

మొదటిది, 2023-24 ఏఐఎస్ కూడా తెరిచి చూశాను. అందులోనూ 40,000 గెలుపు, 12,000 టీడీఎస్ ఉంది. మార్చి 31న వాలెట్‌లో 60,000 ఉందట, అంతకుముందు వేసింది 20,000. తీయనే లేదు, అయినా కట్ చేశారు. మిగిలిన 48,000 ఏప్రిల్ నెలలోనే ఆడి పోగొట్టాడు. అప్పట్లో రిటర్ను వేసిన ఏజెంటు ఫారం 16 (కంపెనీ ఇచ్చే జీతం సర్టిఫికెట్) మాత్రం చూసి ఐటీఆర్-1 వేశాడు, ఈ గెలుపు చూపలేదు. దాన్ని ఇప్పుడు సరిచేయొచ్చా?

రెండోది, ఆ రెండో యాప్ వాలెట్‌లో ఇప్పటికీ 3,500 ఉంది. ఆట ఆగింది కానీ డబ్బు తీసుకోమని మెయిల్ వచ్చింది. తీస్తే మళ్ళీ పన్నా?

---

పద్మజ_ఆడిట్ · 9 సెప్టెంబర్, సాయంత్రం 4:20

ముందు రెండోది. ఆ 3,500 ఈ ఏప్రిల్ 1కి ముందు నుంచీ ఉన్నదైతే అది పాత నిల్వ, రూల్ 133 ప్రకారం తీసివేత అవుతుంది. నికర గెలుపు సున్నా, టీడీఎస్ పడదు. హాయిగా తీసేయండి. యాప్ మూతపడేలోపు మూడేళ్ళ ఖాతా స్టేట్‌మెంట్లన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. రేపు నోటీసు వస్తే చూపించడానికి అవే ఆధారం.

2023-24 సంగతి: మార్చి 31 నిల్వ కూడా తీసినట్టే లెక్క, అందుకే కట్ అయింది. ఏప్రిల్‌లో పోయింది తర్వాతి సంవత్సరం నష్టం, వెనక్కి వెళ్ళదు. రివైజ్డ్ రిటర్ను గడువు 2025 జనవరి 15తోనే అయిపోయింది. ఇప్పుడు దారి అప్‌డేటెడ్ రిటర్ను, ఐటీఆర్-యు. 2026 మార్చి 31 లోపు వేస్తే బాకీ పన్ను, వడ్డీల మీద 25 శాతం అదనం. ఆ తేదీ దాటితే 50 శాతం అవుతుంది. ఒకటి చూసుకోండి, ఆ ఏడాది కూడా రిబేటు పరిమితి 7 లక్షలే, స్టాండర్డ్ డిడక్షన్ మాత్రం 50,000. జీతంతో ఈ 40,000 కలిపి 7 లక్షలు దాటిందా లేదా అన్నదాని మీదే అంతా ఉంది. అప్పటి జీతం ఎంతో చెప్పండి.

---

శ్రీను_నంద్యాల · 9 సెప్టెంబర్, సాయంత్రం 4:41

6,20,000 మేడం. అప్పుడూ కొత్త విధానమే.

---

పద్మజ_ఆడిట్ · 9 సెప్టెంబర్, సాయంత్రం 5:15

అయితే 5,70,000కి 40,000 కలిపితే 6,10,000. ఏడు లక్షలు దాటలేదు, జీతం మీద రిబేటు చెక్కుచెదరదు. గెలుపు మీద 12,000 ముందే కట్ అయింది. మిగిలేది సెస్ 480, దాని మీద వడ్డీ, ఆ పైన 25 శాతం. ఆ గెలుపు మీద రిబేటు అడిగి 12,000 రీఫండ్ తెచ్చుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, ఐటీఆర్-యులో రీఫండ్ అడగడానికి వీల్లేదు. ముందు ఈ 15లోపు 2024-25 రిటర్ను ఈ-వెరిఫై చేయించండి. ఐటీఆర్-యు దసరా సెలవుల్లో నింపుకోవచ్చు.

---

శ్రీను_నంద్యాల · 9 సెప్టెంబర్, రాత్రి 9:32

ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై అయిపోయింది మేడం. స్టేట్‌మెంట్లు కూడా రెండు యాప్‌లవీ దించి పెట్టాం. మొదటి యాప్‌లో 2023 ఏప్రిల్ నుంచి దొరికాయి, రెండో దాంట్లో ఏడాదివే చూపిస్తోంది, మిగతావి పంపమని మెయిల్ పెట్టాడు.